చర్మవ్యాధులు - మనోవ్యథ

ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము కడు సామాన్యమైనది. గజ్జి, తామర, బొల్లి, సోరియాసిస్, కుష్ఠు - ఈ పేరులు వినని గ్రామము లేదు. అయినను వీనిని గూర్చి పదిమందిలో మాటలాడుటకు మనము వెనుదీయుదుము. జ్వరము వచ్చినవాడు ఆ సంగతి అరుగు మీద కూర్చుండి అందరికిని చెప్పుకొనును. చర్మము మీద మచ్చ పుట్టినవాడు చొక్కా చేతులు క్రిందికి దించుకొనును. ఇట్లు దాచుకొనుటయే రోగమునకు ఎరువగుచున్నదని, దాచుకొనునట్లు చేయుచున్నవారము మనమేనని మనవి చేయుటయే నా ప్రసంగ తాత్పర్యము.

నేను వైద్యుడను కాను. సంస్కృతాంధ్రములు చదివి, ముప్పదియారు సంవత్సరములు బడిపంతులుగా పనిచేసి, నేడు నల్లగండ్లలో విశ్రాంతి తీసికొనుచున్నవాడను. ఈ విషయము మీద నీకేమి అధికారమున్నదని మీరడుగవచ్చును. రెండు కారణములు కలవు. చర్మవ్యాధిగల యొక బాలునికి నేనొకప్పుడు అన్యాయము చేసితిని. పిమ్మట చాలకాలమునకు చర్మవ్యాధి నా మోచేతుల మీదనే వెలసినది.

మొదటి సంగతి 1987 నాటిది. అప్పుడు నేనొక గ్రామ పాఠశాలలో తెలుగు బోధించుచుంటిని. ఆరవ తరగతిలో ఒక పిల్లవానికి ఎడమచేతి వ్రేళ్ల మీదను, పెదవి ప్రక్కను తెల్లని మచ్చలు పుట్టినవి. చురుకైనవాడు; పద్యము రెండుసార్లు వినినచో అప్పగించువాడు. ఒకనాడు కొందరు తండ్రులు నాయొద్దకు వచ్చి, "పంతులుగారూ, మా పిల్లగాండ్లను వాని పక్కన కూసోబెట్టకుండ్రి" అనిరి. వారికి ధైర్యము చెప్పుటకు మారుగా నేను నా పాండిత్యమును తిరుగవేసితిని. ఈ తెల్లమచ్చను శ్వేతకుష్ఠమందురు గదా. కుష్ఠము ఒకరినుండి యొకరికి సంక్రమించునని సుశ్రుతుడు చెప్పెను గదా. కావున వీనిని వేరుగా నుంచుటయే శాస్త్రసమ్మతమని నిర్ణయించితిని. గది మూలను వేరొక చాప వేయించితిని. మంచినీళ్లకు వేరు గ్లాసు పెట్టించితిని. వాడేమియు ననలేదు. తొమ్మిది దినములు ఆ చాప మీద కూర్చుండెను. పదవనాటి నుండి రాలేదు. హాజరుపట్టీలో కొంతకాలము గైరుహాజరు గుర్తులు వేసి, తుదకు ఎర్రసిరాతో ఆ పేరును నేనే కొట్టివేసితిని.

నా తర్కములో దోషమెక్కడ నున్నది? మాటలోనే యున్నది. చరకుడు కుష్ఠములు పదునెనిమిదియని లెక్కించెను: మహాకుష్ఠములు ఏడు, క్షుద్రకుష్ఠములు పదునొకండు. ఆ జాబితాలో దద్రువు కలదు; అది మన తామర. పామ కలదు, అది గజ్జివంటిది. విచర్చిక కలదు, అది నేడు ఎగ్జిమా యనబడుదానికి దగ్గరగా నుండును. అనగా ప్రాచీనులకు కుష్ఠమనునది చర్మవ్యాధులనేకములకు ఇంటిపేరువంటిది. మనకో, అది ఒక్క భయంకరవ్యాధికే పేరై నిలిచినది. ఇంటిపేరు కలిసినదని ఒకని అప్పునకు వేరొకని పట్టుకొన్నట్లు, నేను బొల్లి వచ్చిన బాలుని కుష్ఠురోగిని చేసితిని. శ్విత్రమునకు కారణములు చెప్పుచు చరకుడు అసత్యభాషణమును, కృతఘ్నతను, పూర్వకర్మమును గూడ పేర్కొనెను. ఆ మాటను నేను దాచను. కాని అదే యధ్యాయమున ఆయన ఔషధములను గూడ చెప్పెను. పాపఫలమని రోగిని మూలకు త్రోయుమని చెప్పలేదు. ఆ త్రోయుట మనము చేర్చుకొన్నది.

కావున ముందుగా ఒక్కొక్క వ్యాధిని దాని పేరుతో వేరుగా గుర్తింపవలెను.

గజ్జి యొక సూక్ష్మమైన పురుగు వలన వచ్చును. ఆడుపురుగు నిడివి అర మిల్లీమీటరునకు లోపే. అది చర్మపు పైపొరలో బొరియ త్రవ్వి గ్రుడ్లు పెట్టును. వ్రేళ్ల సందులు, మణికట్టు, నడుము, చంకలు దానికి ఇష్టమైన తావులు. రాత్రివేళ దురద హెచ్చును. మొదటిసారి సోకినవారికి దురద పుట్టుటకు కొన్ని వారములు పట్టును. ఈలోపల ఇంటిలో నితరులకును అది ప్రాకియుండును. అందుచేతనే ఒక్కనికి మందు పూసినచో ఫలము లేదు. వైద్యులు సాధారణముగా నిచ్చు పెర్మెత్రిన్ మలామును ఇంటిల్లిపాదియు ఒకే రాత్రి మెడనుండి అరికాలి వరకు పూసికొని, మరునాడు స్నానము చేయవలెను. వారము దినములకు మరల పూయవలెను. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లతో ఉతికి యెండవేయవలెను. పురుగు చచ్చిన పిదపకూడ రెండు మూడు వారములు దురద మిగిలియుండవచ్చును. మందు పారలేదని దిగులుపడరాదు. వేపాకు నీళ్లు స్నానమునకు మంచివే; కాని బొరియలో దాగిన పురుగును అవి చంపునని నమ్మరాదు.

తామర బూజుజాతికి చెందినది. తడిబట్ట, చెమట, బిగుతైన ఉడుపు, ఒకరి తువాలు ఒకరు వాడుట - ఇవి దానికి సహాయములు. గుండ్రని అంచుతో పెరిగి, నడుమ మానినట్లు కనబడును. దానికి బూజును చంపు మందు కొన్ని వారములపాటు విడువక వాడవలెను. దురద తగ్గగానే మానివేసినచో మరల మొలచును.

బొల్లి అంటువ్యాధి కాదు. చర్మమునకు రంగునిచ్చు కణములను మన దేహమందలి రక్షకబలమే పొరబడి నాశనము చేయుట వలన తెల్లమచ్చ యేర్పడును. తాకిన రాదు, కలిసి భుజించిన రాదు, ఒకే చాప మీద కూర్చుండిన రాదు. పూర్వవైద్యులు బావంచి గింజలను, సూర్యరశ్మిని జతపరచి దీనికి చికిత్స చేసిరి. అందు సత్యమున్నది: ఆ గింజలలో నుండు సోరలెన్ అను పదార్థము చర్మమును వెలుతురునకు లోబరచును. నేటి వైద్యులు కొలిచిన కిరణములతో చికిత్స చేయుదురు. ఇంటిలో స్వయముగా గింజలు నూరి పూసికొని యెండలో నిలుచున్నచో బొబ్బలెక్కి క్రొత్త బాధ కలుగును.

ఇక కుష్ఠు. దీనికి కారణమైన సూక్ష్మజీవిని 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనుగొనెను. అది చర్మమును, నరములను పట్టును. అందుచేత ఆ మచ్చమీద స్పర్శ యుండదు. ఇదియే ముఖ్యమైన గురుతు. కన్నులు మూయించి దూదిపింజతో మచ్చను తాకుడు. తెలియలేదనినచో వెంటనే ఆసుపత్రికి పంపుడు. బొల్లిమచ్చ మీద స్పర్శ చెడదు. ఈ దూదిపింజ పరీక్ష 1987లో నాకు తెలిసియున్నచో ఆ బాలుడు తన చోటనే కూర్చుండియుండును. తెలిసినవారినైనను నేనడుగలేదు, అదియే నా తప్పు.

కుష్ఠురోగిని ఊరి వెలుపలకు నెట్టుట మన దేశమున చిరకాలాచారము. దాని నెదిరించినవారును మన ప్రాంతముననే కలరు. నిజామాబాదు సమీపమున డిచ్‌పల్లిలో స్కాట్లండు దేశపు వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠువైద్యాలయమును నెలకొల్పెను. ఆ దినములలో చాల్‌ముగ్రా నూనెను సూదిద్వారా ఎక్కించుటయే చెప్పదగిన చికిత్స. మా నల్లగండ్లకు ఎంతో దూరము లేని కూకట్‌పల్లిలో రాణీ కుముదినీదేవి 1958లో శివానంద పునరావాస గృహమును స్థాపించిరి. తరువాత ఆమె హైదరాబాదు నగరమునకు మేయరైరి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఒక్క మందుతో గాక కొన్ని మందులను కలిపి యిచ్చు పద్ధతిని సిఫారసు చేసిరి. నాటినుండి ఈ రోగము పూర్తిగా నయమగు రోగములలో చేరినది. మందు ప్రభుత్వమువారు ఉచితముగా నిచ్చుచున్నారు. రోగపు స్థితినిబట్టి ఆరునెలలు గాని, సంవత్సరము గాని వాడవలెను. మందు మొదలుపెట్టిన కొలదికాలములోనే రోగి యితరులకు అంటించు శక్తిని కోల్పోవును. ఆలస్యము చేసినచో నరములు చెడి వ్రేళ్లు వంకరలు పోవును. ఆ వంకరను మందు సరిచేయలేదు. ఆలస్యమునకు హేతువు సిగ్గు. సిగ్గునకు హేతువు మన చూపు.

చట్టముకూడ ఆలస్యముగనే కనులు తెరచినది. రోగులను నిర్బంధించుటకు వీలుకల్పించిన 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016లో రద్దైనది. కుష్ఠువు కారణముగా భార్యను గాని భర్తను గాని విడిచిపెట్టవచ్చునన్న నిబంధనను 2019లో తొలగించిరి. చట్టము పుస్తకమునుండి పోయినది. మన మనస్సులనుండి పోయినదా?

ఇప్పుడు నా స్వంత కథకు వచ్చుచున్నాను. 2019లో నా భార్య గతించినది. కర్మకాండ ముగిసిన రెండు నెలలకు నా మోచేతుల మీద, మోకాళ్ల మీద ఎర్రని మందపు పట్టలు కట్టి, వెండిరంగు పొలుసులు రాలసాగినవి. నేను పొడుగుచేతుల చొక్కా తొడుగసాగితిని. గుడిలో తీర్థమునకు చేయిచాచుట మానితిని. మనుమరాలు ఒడిలోనికి వచ్చినచో జరిగి కూర్చుంటిని. ఎవరును నాకు వేరు చాప వేయలేదు, నేనే వేసికొంటిని. ఒక మందుల దుకాణమున అడిగి యొక ట్యూబు కొని పూసితిని. రెండు వారములలో పట్టలు మాయమైనవి. మానితిని, రెండింతలై తిరిగి వచ్చినవి.

తుదకు ప్రభుత్వాసుపత్రికి పోతిని. చర్మవైద్యురాలు నా మనుమరాలికంటె కొంచెము పెద్దదేమో! మోచేతులు చూచి, ట్యూబు చూచి, పిదప, "నిద్ర మంచిగ పడుతున్నదా సార్?" అని యడిగెను. చర్మమునకు, నిద్రకు సంబంధమేమి యనుకొంటిని. కాని నా నోటినుండి వచ్చిన సమాధానము వేరు. ఇల్లు నిశ్శబ్దముగా నున్నదమ్మా యని చెప్పితిని. ఆమె తొందరపడక వినెను. ఆ దినమున నాకు సగము రోగము తగ్గినట్లు తోచెను. మిగిలిన సగమునకు ఆమె మందు వ్రాసియిచ్చెను.

ఆమె చెప్పిన దానిని మీకు నా మాటలలో చెప్పుదును. మన చర్మపు పైపొర సుమారు నెలకొకసారి క్రొత్తదగును. సోరియాసిస్‌లో రక్షకబలము తప్పుదారి పట్టుట వలన ఆ పని కొలది దినములలోనే జరిగి, పొరమీద పొర పేరుకొనును. ఇది అంటువ్యాధి కాదు. దీని బీజము వంశమున నుండవచ్చును. దుఃఖము, గొంతునొప్పి, మద్యము, పొగ, కొన్ని మందులు దానిని లేపవచ్చును. కొందరికి కీళ్లనొప్పులును వచ్చును. మొదలంట పోవునని ఎవరును మాట యీయజాలరు. కాని చక్కగా అదుపులో నుంచవచ్చును. నేను పూసిన ట్యూబులో బలమైన స్టెరాయిడ్ ఉన్నది. వైద్యుడు కొలతతో వాడినచో అది మంచి మందే. తోచినట్లు పూసి, తోచినట్లు మానినచో వ్యాధి విజృంభించును. తామర మీద పూసినచో మరింత చేటు: పైకి దురద తగ్గును, లోపల బూజు వ్యాపించును. ముఖము తెల్లబడునని పూసికొను యువతుల చర్మము పలుచబడి, ఎర్రబడి, మందు లేక నిలువలేని స్థితికి వచ్చును. అందుచేతనే 2018లో కేంద్రప్రభుత్వము ఇట్టి అనేక మలాములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తరువు చేసినది. ఉత్తరువు కలదు, అయినను చీటీ లేకయే అడుగు మనబోటివారు గూడ కలరు.

మనస్సునకు, చర్మమునకు ఇంత చుట్టరికమెట్లు కలిగినది? మన భరతముని యీ సంగతిని వేరొక మార్గమున గ్రహించెను. నాట్యశాస్త్రమున ఆయన చెప్పిన సాత్త్వికభావములు ఎనిమిది. అందులో స్వేదము, రోమాంచము, వైవర్ణ్యము - ఈ మూడును చర్మము మీదనే కనబడును. భయపడినచో చెమట, ఆనందించినచో గగుర్పాటు, దుఃఖించినచో వివర్ణత. నటుడు నోరు తెరవకమునుపే చర్మము మాటలాడును. నేటి శాస్త్రజ్ఞులు చెప్పునదేమనగా, గర్భస్థపిండమున చర్మపు పైపొరయు, మెదడును, నరములును ఒకే పొరనుండి పుట్టును. ఒకే తల్లి బిడ్డలవలె ఒకరి కష్టము ఒకరికి తెలియును. ఆందోళన హెచ్చినచో దేహమున కొన్ని ద్రవములూరి దురదను, వాపును హెచ్చించును. దురద నిద్రను చెరచును. నిద్రలేమి ఆందోళనను పెంచును. గోకినకొలది చర్మము మొద్దుబారి మరింత దురదపుట్టును. ఈ చక్రమును ఎచ్చటనో యొకచోట తెంపవలెను. కొందరికి చర్మమున తెంపిన చాలును. కొందరికి మనస్సునను తెంపవలెను.

విపరీతక్రమమును కలదు. చర్మము మొదట ఆరోగ్యముగనే యుండి, మనస్సులోని వ్యాధి చర్మము మీద వ్రాతవ్రాయును. శుభ్రత చాలదను తీరని శంకతో చేతులు పదేపదే కడిగి పుండ్లు చేసికొనువారు, వెండ్రుకలు పెరికికొనువారు, లేని పురుగులు చర్మముక్రింద ప్రాకుచున్నవని నమ్మి గీరికొనువారు కలరు. వారిని పరిహసింపరాదు. అది వేషము కాదు, వ్యాధి. దానికి వైద్యము కలదు.

నేను నివసించుచున్న నల్లగండ్ల ఒకప్పుడు చెరువు, పొలములుగల పల్లె. నేడు ఆకాశమంటు మేడలు లేచినవి. ఆ మేడలు కట్టుటకు దూరదేశములనుండి వచ్చిన కూలీలు రేకుల గుడిసెలలో ఇరుకుగా నిదురించుచున్నారు. అచ్చట గజ్జి ఒకరికి వచ్చినచో అందరికిని వచ్చును. మేడలలోని యువకులకు ఇరుకు లేదు; వారిది వేరు బాధ. రాత్రులు దీపము ముందు పని, చెడిన నిద్ర, పెండ్లిచూపుల భయము. మెడ మీద చిన్న మచ్చ కనబడినను దానిని ఫోటోలలో దాచుకొనుచు కుమిలిపోవుచున్నారు. ఒకరికి నీళ్లు, తావు, మందు కావలెను. మరియొకరికి మందుతోపాటు ఒక ఓర్పుగల శ్రోత కావలెను. ఇరువురకును కావలసినది తమను చూచి వెనుకకు జరుగని మనుష్యుడు.

పెద్దలారా, గ్రామములో మాట చెల్లుబడియగువారు మీరు. మీవలన కాదగిన పనులు కొన్ని కలవు. చర్మవ్యాధి వచ్చినవానికి వేరు గ్లాసు, వేరు చాప పెట్టుచున్న యింటికి పోయి, మీరు ఆ గ్లాసుతోనే నీళ్లు పుచ్చుకొనుడు. ఒక ఉపన్యాసముకంటె అది మేలు. గజ్జి విషయమున మాత్రము బట్టలు, పడక వేరుంచి ఇంటిల్లిపాదికి మందు పూయింపుడు; అదియు కొలది దినములే. స్పర్శలేని మచ్చ కనబడినచో ఆశా కార్యకర్తకు చెప్పుడు. మందుల దుకాణపు ట్యూబును నమ్మకుడని పిల్లలకు బోధింపుడు. ఏదైన మందు మ్రింగిన పిదప జ్వరము వచ్చి, నోరు పొక్కి, చర్మము బొబ్బలెక్కి యూడుచున్నచో క్షణమైన జాగుచేయక పెద్దాసుపత్రికి చేర్చుడు. పెండ్లి సంబంధమున బొల్లిమచ్చను లోపముగా నెంచు మాట వచ్చినప్పుడు, అది అంటురోగము కాదని సభలోనే చెప్పుడు.

అన్నిటికంటె ముఖ్యముగా, మచ్చ వచ్చినవానిని మచ్చను గూర్చి మాత్రమే అడుగకుడు. నిద్ర పట్టుచున్నదా, అన్నము సహించుచున్నదా, మనస్సెట్లున్నదని అడుగుడు. ఎవడైనను బ్రతుకు వ్యర్థమని మాటజారినచో ఒంటరిగా విడువకుడు. 2022లో కేంద్రప్రభుత్వము మనోవ్యథితుల కొరకు టెలి-మానస్ అను సేవను నెలకొల్పినది. 14416 అను సంఖ్యకు ఉచితముగా టెలిఫోను చేసినచో తెలుగులోనే మాటలాడి ధైర్యము చెప్పువారు కలరు.

నా మోచేతుల మీద పట్టలు నేటికిని చలికాలమున తొంగిచూచుచుండును. మందు పూసికొందును, పొట్టిచేతుల చొక్కా తొడిగికొందును, తీర్థమునకు చేయి చాతును. ఆ బాలునికొరకు కొన్ని సంవత్సరముల క్రిందట ఆ గ్రామమునకు పోయి విచారించితిని. ఆ కుటుంబము ఎప్పుడో తరలిపోయినదనిరి. వాడిప్పుడు ఏబదికి చేరువైనవాడై యుండును. ఎచ్చటనైన నుండి యీ మాటలు విన్నచో, పంతులు తన తప్పును పదిమందిలో ఒప్పుకొనెనని తెలిసికొనును గాక. వానికి నేను ఋణపడినది తిరిగి యీయజాలను. మీ గ్రామములోని మూలచాపను మీరు తీయించినచో, ఆ ఋణములో కొంత తీరినట్లే యెంచుకొందును.